బ్రూజ్ చూసేశాం, ఇంకేముంది?

ప్రశ్న: మేము బెల్జియంలోని లూవెన్‌లో ఉంటున్నాం. మావారిది చిప్‌ల పరిశోధనలో ఉద్యోగం. బాబుకు ఏడేళ్లు. వచ్చిన కొత్తలో పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, స్విట్జర్లాండ్ తిరిగాం. బ్రూజ్, బ్రస్సెల్స్ ఒక్కో రోజులో అయిపోయాయి. ఇప్పుడు శనివారమంతా బట్టలు, సరుకులు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, బయట వాన. మావారేమో ‘వెళితే పెద్ద ట్రిప్పుకు వెళదాం, లేకపోతే ఇంట్లో పడుకుందాం’ అంటారు. హైదరాబాదులో ఉన్న మా అక్క ‘యూరప్ వెళ్లి ఇంట్లో కూర్చుంటారా’ అని దెప్పుతుంది. జూన్‌లో మా అత్తగారు మూడు నెలలకు వస్తున్నారు. ఆవిడ శాకాహారి, మోకాళ్ల నొప్పులు. ఆవిడను ఎక్కడికి తీసుకెళ్లాలి? అసలు ఈ దేశంలో చిన్న చిన్న సరదాలు ఎక్కడ దొరుకుతాయి?
– ఒక పాఠకురాలు, లూవెన్

సమాధానం: ముందు మీ అక్కగారి సంగతి తేల్చేద్దాం. ఆవిడ గోల్కొండ ఎక్కి ఎన్నాళ్లయిందో ఈసారి ఫోన్ చేసినప్పుడు అడగండి. ఏ ఊళ్లో ఉన్నవాళ్లూ ప్రతి వారం ఆ ఊరిని చూడటానికి బయలుదేరరు. కూరగాయలకు వెళతారు, గుడికి వెళతారు, సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న పొత్తు తిని ఇంటికొస్తారు. ఊళ్లో ఉండటమంటే అంతే. మీరు మాత్రం ఇంత కాలమైనా బెల్జియంలో పర్యాటకుల్లాగే ఉన్నారు. అందుకే చూడవలసినవి అయిపోగానే వారాంతం బోసిగా కనిపిస్తోంది.

ఈ దేశం మొత్తం 30,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. తెలంగాణలో మూడో వంతుకు కూడా రాదు. లూవెన్‌లో రైలెక్కితే చాలా ఊళ్లకు రెండు గంటల్లోపే చేరుకోవచ్చు. చిక్కు కూడా అక్కడే ఉంది. పొద్దున్న వెళ్లి, కాలువ ముందు నాలుగు ఫోటోలు దిగి, చాక్లెట్లు కొని, సాయంత్రం రైల్లో కునుకు తీస్తూ ‘ఈ ఊరు కూడా అయిపోయింది’ అనుకుంటాం. బ్రస్సెల్స్‌లో మానెకెన్ పిస్ అనే ఆ మూరెడు కంచు పిల్లాడిని చూసి ‘ఇంతేనా’ అనని మన వాళ్లను నేనింతవరకు చూడలేదు. (వాడికి వెయ్యికి పైగా దుస్తులున్నాయి, వాటి కోసం ఒక ప్రదర్శనశాల కూడా పెట్టారు. అయినా మనం వెళ్లినప్పుడు సాధారణంగా దిసమొలతోనే కనిపిస్తాడు.) ఆల్ప్స్ కొండల్లాగా చూడగానే నోరు తెరిపించేవి ఈ దేశంలో తక్కువ. ఇక్కడి సుఖం వెళ్లిన చోటికే మళ్లీ వెళ్లడంలో ఉంది. అదే సంత, అదే అడవి, అదే సముద్రపు గట్టు. వెళ్లిన ప్రతిసారీ రుతువు మారి ఉంటుంది, బాబు కాస్త పొడుగవుతాడు, కొత్తిమీర అమ్మే మనిషి మిమ్మల్ని గుర్తుపట్టి ఒక కట్ట కొసరు వేస్తాడు. నన్నడిగితే కొత్త ఊళ్ల పట్టిక చించేసి, నాలుగైదు చోట్లను మీ సొంతం చేసుకోండి. సగం రోజుకు మించి దేనికీ ఇవ్వకండి. రోజంతా తిరిగితే మర్నాడు అందరూ చిరాకుగా ఉంటారు, దాంతో ఆ సరదా మీద కూడా విరక్తి పుడుతుంది.

బట్టలు వారం మధ్యలో ఒక సాయంత్రం మిషన్లో వేసేయండి. ఇంతకంటే దాని గురించి చెప్పడానికేమీ లేదు.

ఆదివారం దుకాణాలు మూసేస్తారని విసుక్కున్నారు. బేకరీలు మూయరు. చాలా బేకరీల వాళ్లు ఆదివారం పొద్దున్న తెరిచి, వారం మధ్యలో ఒక రోజు సెలవు తీసుకుంటారు, ఎందుకంటే ఇక్కడి కుటుంబాలకు ఆదివారం పొద్దున్న అంటే బేకరీయే. పైన కరకరలాడే పెంకు, లోపల దూది లాంటి గుండ్రటి చిన్న రొట్టెలను పిస్తోలె అంటారు. ఎండుద్రాక్ష చుట్టలు, చాక్లెట్ పెట్టినవి, కస్టర్డ్ నింపినవి అన్నిటినీ కలిపి కాఫీకూక్ అంటారు. తండ్రీకొడుకులిద్దర్నీ పంపించండి, మీరు వెళ్లకండి. రద్దీ ఉన్న బేకరీల్లో గుమ్మం దగ్గర నంబరు చీటీ తీసుకుని నిలబడాలి. తన నంబరు డచ్చిలో పిలిచినప్పుడు పిల్లాడు ఎగిరి గంతేస్తాడు. పెద్ద రొట్టె కొంటే ‘ముక్కలు కోయమంటారా’ అని అడుగుతారు, యంత్రంలో పెట్టి క్షణంలో కోసి సంచిలో జారవిడుస్తారు. బాబు బడిలో డచ్చి నేర్చుకుంటున్నాడు కాబట్టి ఆ బేరమంతా వాడినే చెయ్యనివ్వండి, తండ్రి డబ్బులిచ్చి నోరు మూసుకుంటే చాలు. ఆ ముప్పావుగంటలో మీరు ఒక్కరే కాఫీ తాగవచ్చు. ఏడేళ్ల పిల్లాడున్న ఇంట్లో అది చిన్న సుఖమేమీ కాదు.

నెలకొక ఆదివారం బ్రస్సెల్స్ మిడి స్టేషను పక్కన జరిగే సంతకు వెళ్లండి. లూవెన్ నుంచి నేరుగా రైళ్లున్నాయి, అరగంట ప్రయాణం. స్టేషను నుంచి బయటికి రాగానే రైలు వంతెనల పక్కనంతా గుడారాలే. పర్యాటకుల బ్రస్సెల్స్ ఒకటైతే ఇది ఇంకో బ్రస్సెల్స్. అమ్మేవాళ్లలో చాలామంది మొరాకో మూలాల వాళ్లు. పుదీనా మోపులు మోపులుగా కుప్పపోసి ఉంటుంది. సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ పొట్లంలో నాలుగు రెమ్మలిచ్చే కొత్తిమీర ఇక్కడ చేతికి పట్టనంత కట్ట. వంకాయలు, పచ్చిమిరపకాయలు, ఖర్జూరాలు, ఊరగాయ ఆలివ్‌లు ఎటు చూసినా కనిపిస్తాయి. కొందరు తూకం లేకుండా గిన్నె లెక్కన అమ్ముతారు: గిన్నెడు నిమ్మకాయలు, గిన్నెడు టమాటాలు. మధ్యాహ్నం సర్దుకునే వేళ దగ్గరపడేకొద్దీ కేకలు పెరుగుతాయి, ధరలు తగ్గుతాయి. అక్కడే పెద్ద పెనం మీద పొరల రొట్టె కాల్చి, తేనె రాసి, మడిచి చేతికిస్తారు. దాంతోపాటు గాజు గ్లాసులో పుదీనా టీ. కూర్చోవడానికి చోటుండదు, నిలబడే తినాలి, తేనె మోచేతి దాకా కారుతుంది. జేబులు మాత్రం జాగ్రత్త. బ్యాగు ముందుకు వేసుకోండి.

సంతల మాట వచ్చింది కాబట్టి కూరల సంగతి ఒకటి చెప్పాలి. వసంతంలో రైతుల దగ్గర జుర్కెల్ అనే పుల్లటి ఆకుకూర కనిపిస్తే వదలకండి. మన చుక్కకూరా అదీ ఒకే ప్రజాతి మొక్కలు. ఇక్కడివాళ్లు దాన్ని ఉడికించిన బంగాళాదుంపల్లో మెదిపి తింటారు, లేదా సాస్ చేస్తారు. మీరు కందిపప్పులో వేసి వెల్లుల్లి పోపు పెట్టండి. అది దొరక్కపోతే రబర్బర్ (ఇంగ్లీషులో రూబార్బ్) ఉంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎర్రటి కాడలు కట్టలుగా అమ్ముతారు, పెరటి తోటలున్న ఇరుగుపొరుగు వాళ్లు ఉత్తినే ఇచ్చేస్తారు కూడా. కాడ మాత్రమే వాడాలి, ఆకు విషం. ఇక్కడి వాళ్లు పంచదార పోసి జామ్ చేస్తారు. ఎండుమిరపకాయలు, మెంతులు వేయించి ఆ కాడలతో రోటిపచ్చడి చేస్తే గోంగూర కోసం మొహం వాచిన నాలుకకు ఊరట దొరుకుతుంది. మీ అత్తగారు జూన్‌లో వస్తున్నారు కాబట్టి చివరి కోత అందుతుంది. ఆవిడ చేతికే ఇవ్వండి. పరాయి దేశంలో వంటింట్లో ఒక పని తన సొంతమయ్యాక పెద్దవాళ్లకు మూడు నెలలు ఇట్టే గడిచిపోతాయి.

మీ ఊరి మాటకొస్తే, లూవెన్‌లో ఉండి వారాంతం గడవదంటే నేను ఒప్పుకోను. గ్రూట్ బెఖైన్‌హోఫ్‌లోకి ఎప్పుడైనా పని లేకుండా వెళ్లారా? ఊరి మధ్యలోనే మరో చిన్న ఊరది. ఎర్ర ఇటుక ఇళ్లు, గులకరాళ్ల సందులు, మధ్యలో డైలె నది పాయ, చిన్న వంతెనలు. 13వ శతాబ్దిలో మొదలైంది, ఇప్పుడున్న ఇళ్లు ఎక్కువగా 17వ శతాబ్దివి. పెళ్లి చేసుకోకుండా, అలాగని శాశ్వత సన్యాసమూ తీసుకోకుండా కలిసి బతికిన బెగీన్ అనే స్త్రీలు ఉండేవారిక్కడ. సొంత ఆస్తి ఉంచుకోవచ్చు, మనసు మారితే వెళ్లిపోవచ్చు. ఆ కాలానికి అదెంత స్వేచ్ఛో ఆలోచించండి! 1962లో విశ్వవిద్యాలయం దీన్ని కొని బాగు చేయించింది, ఇప్పుడు విద్యార్థులు, పరిశోధకులు ఉంటున్నారు. టికెట్టు లేదు. కాస్త గొంతు తగ్గించి మాట్లాడితే చాలు.

అక్కడికి కొంచెం అవతల 1738 నాటి క్రౌట్‌టౌన్ ఉంది, దేశంలోకెల్లా పాత వృక్షోద్యానం. చలికాలంలో దాని గాజుగదిలోకి వెళితే కళ్లద్దాలు మసకబారుతాయి, లోపల మన ఊరి ఉక్క. ఇంకో రోజు 1129లో స్థాపించిన పార్క్ అబ్బే అనే క్రైస్తవ మఠం చెరువుల చుట్టూ నడవండి. పిల్లాడి కాళ్లకు పని కావాలంటే స్టేషను వెనక కెసెల్-లో అనే పేటలో పార్కు ఉంది, ఆటస్థలం పెద్దది.

ఇక సముద్రం. నా దృష్టిలో బెల్జియంలో వారాంతమంటే ఇదే, మీ ఉత్తరంలో దాని ఊసే లేకపోవడం ఆశ్చర్యం. లూవెన్‌లో ఎక్కిన రైలు మారకుండా ఓస్టెండ్‌లో దిగవచ్చు. 12 ఏళ్లు నిండని పిల్లలకు పెద్దవాళ్లు వెంట ఉంటే టికెట్టు అక్కర్లేదు. స్టేషను ఎదుటే కోస్ట్ ట్రామ్ ఆగుతుంది. ఒక కొస ఫ్రాన్స్ సరిహద్దు వైపు డె పాన్నె, రెండో కొస నెదర్లాండ్స్ వైపు క్నొక్కె, మధ్య దూరం 67 కిలోమీటర్లు. అంటే ఈ దేశపు సముద్రతీరమంతా దాదాపు ఒక్క ట్రామ్ లైనులో ఇమిడిపోయింది. 1885లో దాని మొదటి ముక్క వేశారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇంతకన్నా మంచి విహారం నాకు తోచదు. కిటికీ పక్కన కూర్చుంటే ఇసుక దిబ్బలు, పడవలు, ఎండలో ఆరబెట్టుకున్న జనం అన్నీ వాటంతటవే కళ్ల ముందుకొస్తాయి. ఓస్టెండ్ నుంచి పడమటికి, మిడెల్‌కెర్కె వైపు వెళ్లేటప్పుడు పట్టాలు సముద్రానికి బాగా దగ్గరగా సాగుతాయి. తూర్పుకు వెళితే డె హాన్ వస్తుంది, తెల్లటి పాతకాలపు ఇళ్ల చిన్న ఊరు. హిట్లర్ అధికారంలోకి వచ్చాక జర్మనీకి తిరిగి వెళ్లలేక ఐన్‌స్టీన్ 1933లో కొన్ని నెలలు తలదాచుకున్నది ఇక్కడే. బెంచీ మీద ఆయన కంచు విగ్రహం ఉంది. పక్కన ఖాళీ ఉంటుంది, అత్తగారిని కూర్చోబెట్టి ఫోటో తీయండి. మీవారు శాస్త్రజ్ఞుడు కాబట్టి ఆ ఫోటో ఆవిడ ఊరంతా చూపిస్తారు.

మీ బాబుకు మాత్రం అసలు సంగతి ఇసుకలో ఉంది. వేసవి సెలవుల్లో ఈ తీరంలో పిల్లలు దుకాణాలు పెడతారు. ఇసుకను నడుమెత్తున కుప్పపోసి, చదును చేసి, గల్లాపెట్టెకు ఒక గుంట తవ్వుతారు. ముడతల కాగితంతో చేసిన పువ్వులను ఆ ఇసుక బల్లలో వరసగా గుచ్చుతారు. గులాబీలు, పొద్దుతిరుగుడు పూలు, పేరు పెట్టలేని రంగురంగుల బంతులు. తీగ కాడకు ఆకుపచ్చ కాగితం చుట్టి ఉంటుంది, గాలికి రేకులన్నీ పటపటలాడుతుంటాయి. వాటిని డబ్బుకు అమ్మరు. గవ్వలివ్వాలి, అదీ ఏ గవ్వ పడితే అది చెల్లదు, ఒక్కో తీరంలో ఒక్కో రకానికి విలువ. దుకాణదారుకు ఎనిమిదేళ్లుంటాయి, మొహం మాత్రం కోఠీలో చీరల కొట్టు యజమానిలా పెట్టుకుని ‘రెండు గుప్పిళ్లు’ అంటుంది. మీవాడు చిన్న బకెట్టు పట్టుకుని అలల అంచున గంటసేపు ఏరుకుని వచ్చి, బేరమాడి, ఒక పువ్వు కొంటాడు. మర్నాడు తనే దుకాణం పెడతానంటాడు. ఎన్నో తరాలుగా సాగుతున్న ఆట ఇది, చాలా ఇళ్లలో అమ్మమ్మలూ నానమ్మలే పువ్వులు చేసిపెడతారు. కాగితప్పూలు చేయడం మన దగ్గర ఎంతమంది ఆడవాళ్లకు రాదు చెప్పండి! మీ అత్తగారు వచ్చేటప్పుడు పచ్చళ్ల డబ్బాలతోపాటు నాలుగు రంగుల ముడతల కాగితం కూడా తెమ్మనండి. ఆవిడకు డచ్చి రాకపోయినా ఆ ఇసుక సంతలో ఆవిడే పెద్ద వ్యాపారి అవుతారు.

అక్కడ జూలైలో కూడా గాలి విపరీతం. శాలువా, చెవులకు కట్టుకోవడానికి మఫ్లరు తప్పనిసరి. తిండికి ఇంటి నుంచే పులిహోర పట్టుకెళ్లండి. ఎండకూ గాలికీ తట్టుకుని, చల్లారినా రుచి చెడని వంట దానికి మించి లేదు, రైల్లో తింటే అడిగేవాళ్లూ ఉండరు.

తిండి విషయంలో మీకు తెలియకపోతే చెప్పాల్సింది ఒకటుంది. ఇక్కడి పేరుపడ్డ ఫ్రైస్‌ను సంప్రదాయంగా పశువుల కొవ్వులో, ముఖ్యంగా ఎద్దు కొవ్వులో వేయిస్తారు. బంగాళాదుంపే కదా అని మన శాకాహారులు నిశ్చింతగా తినేస్తుంటారు. చాలా కొట్లు ఇప్పుడు మొక్కల నూనెకు మారాయి, కొన్ని మారలేదు. ‘ప్లాంట్‌ఆర్డిగ’ అనే మాట గుర్తుపెట్టుకోండి, మొక్కల నూనె అయితే అవునంటారు. మాంసం వంటకాలు కూడా అదే బాణలిలో వేయిస్తారా అన్నది రెండో ప్రశ్న. ఈ రెండూ అడిగి తెలుసుకుని, మీకు కుదిరిన ఒక కొట్టు చూసుకున్నాక ఇక దాన్ని మార్చకండి. మీకూ మీవారికీ ఈ పట్టింపు లేకపోతే గొడవే లేదు. ముందు తక్కువ వేడిలో ఒకసారి వేయించి, చల్లారనిచ్చి, మీరు అడిగాక ఎక్కువ వేడిలో మళ్లీ వేయిస్తారు, ఆ రెండో వాయి కోసం వేచి ఉండటమే ఈ తిండిలో సగం రుచి. కాగితపు పొట్లంలో, వేళ్లు కాలుతుండగా, వాన తుంపర్లలో కొట్టు చూరు కింద నిలబడి తినాలి. మయొనేజ్ చప్పగా అనిపిస్తే సమురాయ్ అనే కారం సాస్ అడగండి. మన లెక్కలో అది కారమే కాదు గాని, ఇక్కడివాళ్ల లెక్కలో సాహసం.

వాఫుల్ విషయంలో నాది పక్షపాతం. బ్రస్సెల్స్ వాఫుల్ దీర్ఘచతురస్రంగా, తేలిగ్గా ఉంటుంది, మీద క్రీము, స్ట్రాబెరీలు పోసి పర్యాటకులకు అంటగడతారు. లియేజ్ వాఫుల్ పిండి గట్టిది, లోపల కలిపిన పంచదార పలుకులు ఇనుప అచ్చుకు తగిలి పాకం పట్టి కరకరలాడతాయి. దాని మీద ఏమీ వేయనక్కర్లేదు. చలికాలం సాయంత్రం రైలు ఆలస్యమైనప్పుడు స్టేషనులో ఒకటి కొని ముగ్గురూ తుంచుకుని తినండి.

మీవారి సంగతికి వద్దాం. వారమంతా ల్యాబులో తల వంచుకుని పనిచేసిన మనిషికి ఆదివారం పడుకోవాలనిపించడంలో తప్పు లేదు, ఆయన్ని నిద్రలేపి చర్చిలు చూపించకండి. పెద్ద ట్రిప్పుల కోరిక తీరడానికి మే నెల ఉంది. అసెన్షన్ పండుగ ఎప్పుడూ గురువారమే వస్తుంది, శుక్రవారం ఒక సెలవు పెడితే నాలుగు రోజులు. మిగతా వారాలకు ఆయనలోని ఇంజనీరుకు పనికొచ్చేది ఒకటి చెబుతాను. ఇక్కడ సైకిల్ దారులు కలిసే ప్రతి కూడలికీ ఒక నంబరుంటుంది. మ్యాప్ అక్కర్లేదు, వెళ్లాల్సిన నంబర్లు వరసగా కాగితం ముక్క మీద రాసుకుని హ్యాండిల్‌కు అంటించుకుంటే చాలు, బాణం గుర్తులు దారి చూపిస్తాయి. హ్యూగో బొలెన్ అనే గనుల ఇంజనీరు ఆలోచన ఇది. 1995లో లింబర్గ్‌లో మొదలై ఫ్లాండర్స్ అంతా, సరిహద్దులు దాటి నెదర్లాండ్స్, జర్మనీలకు కూడా పాకింది. నంబర్లు కలుపుతూ దారి తయారుచేసే పని మీవారికి శుక్రవారం రాత్రి అప్పగించండి. మొదటిసారి బొక్రైక్ వెళ్లండి, అక్కడే స్టేషను ఉంది, సైకిళ్లు అద్దెకిస్తారు. చెరువు మధ్యలోంచి 212 మీటర్ల దారి కోశారు. రెండు పక్కలా నీళ్లు మీ కళ్ల ఎత్తున ఉంటాయి, సైకిలు మీద మీరు వాటి మధ్య నుంచి పోతుంటారు, హంస ఒకటి మీ భుజం పక్కనే ఈదుకుంటూ వస్తుంది. బాబు ఆ ముక్క పొడవునా అరుస్తాడు, అరవనివ్వండి.

తక్కినదంతా క్యాలెండరు చూసుకుంటుంది. ఏప్రిల్ మధ్య నుంచి రెండు మూడు వారాలు హాలె ఊరి పక్కన హాలెర్‌బోస్ అడవి నేలంతా నీలం పూలు పరుచుకుంటాయి. పొద్దున్నే వెళ్లండి, దారి తప్పి పూలలోకి అడుగుపెట్టకండి, తొక్కిన మొక్కలు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. మన వాళ్లు పట్టుచీర కట్టుకుని పూల మధ్య కూర్చుని తీయించుకున్న ఫోటోలు చూసి నాకు ఒళ్లు మండిన సందర్భాలున్నాయి. దాదాపు అదే కాలంలో సింట్-ట్రౌడెన్ చుట్టుపక్కల హాస్పెన్‌గౌలో బేరి, చెర్రీ, ఆపిల్ తోటలు పూస్తాయి. జూన్, జూలైల్లో స్ట్రాబెరీలు, చెర్రీలు, సెప్టెంబరులో ఆపిళ్లు మనమే కోసుకుని తూకం వేయించుకునే తోటలున్నాయి. పల్లెల్లో రోడ్డు పక్కన స్ట్రాబెరీలమ్మే యంత్రాలుంటాయి, డబ్బు వేస్తే చిన్న తలుపు తెరుచుకుంటుంది. సెప్టెంబరులో ఒక ఆదివారం బ్రస్సెల్స్ వీధుల్లో కార్లు తిరగనివ్వరు, ఆ రోజు బాబును పెద్ద పెద్ద రోడ్ల నడిమధ్యన సైకిలు తొక్కనివ్వండి. వేసవిలో సోమవారం సాయంత్రాలు మెఖెలెన్ పెద్ద గోపురంలో గంటల కచేరీ ఉంటుంది. గంటలు మోగించడం నేర్పే బడిని 1922లో పెట్టింది ఆ ఊళ్లోనే. మర్నాడు పని ఉందని వెనకాడకండి, జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుగుంటుంది, అత్తగారు కింద కూర్చుని వింటే చాలు. గోపురం ఎక్కడానికి 538 మెట్లు, అది మీ తండ్రీకొడుకుల వంతు.

డిసెంబరు వేరే కథ. పొద్దున్న ఎనిమిదిన్నర దాటితే గాని తెల్లవారదు, నాలుగున్నర దాటగానే చీకటి. ఆ నెలల్లో దూరాలు పెట్టుకోకండి. శనివారం లైబ్రరీ, ఈత కొలను, ఇంటికొచ్చి బజ్జీలు. డిసెంబరు 6న సెయింట్ నికొలస్ వస్తాడు, ముందు రోజు రాత్రి బూటులో ఆయన గుర్రానికి క్యారెట్టు పెడితే పొద్దున్నకు నారింజలు, స్పెక్యులోస్ బిస్కెట్లు ఉంటాయి. మీ ఇంట్లో ఆ బూటు లేకపోతే బడిలో బాబు ఒక్కడే మాట్లాడటానికి ఏమీ లేకుండా మిగులుతాడు.

అత్తగారి కోసం ఇంకొక్కటి. కారు అద్దెకు తీసుకున్న రోజున ఆర్డెన్ అడవుల్లో డుర్బ్యూ దగ్గరున్న రాధాదేశ్‌కు వెళ్లండి. పెటిట్ సొమ్ అనే పాత కోటను 1979లో ఇస్కాన్ వాళ్లు తీసుకుని గుడిగా మార్చారు. యూరప్ కోటలో రాధాకృష్ణులు! శాకాహార భోజనశాల ఉంది, ఏం అడిగి తినాలో అన్న చింత ఆ పూటకు ఉండదు. గుడి చూశాక నది పక్కన డుర్బ్యూ రాతి సందుల్లో ఒక గంట నడిచి వచ్చేయండి. అక్కడ రాళ్లు ఎగుడుదిగుడు, ఆవిడకు బెంచీ చూసి కూర్చోబెట్టండి.

వాన గురించి అడిగారు. ఆగదు. గొడుగు ఈ గాలికి తిరగబడుతుంది కాబట్టి అందరికీ టోపీ ఉన్న వాన కోట్లు, బాబుకు రబ్బరు బూట్లు కొనండి. కొత్తవి అక్కర్లేదు, క్రింగ్‌వింకెల్ అనే పాతసామాన్ల దుకాణాలు శనివారం తెరిచే ఉంటాయి, పిల్లల బూట్లు బోలెడు దొరుకుతాయి. అత్తగారి కాలి కొలత ఇప్పుడే ఫోన్లో కనుక్కుని పెట్టుకోండి, చెప్పులతో వచ్చేస్తారు.